తెరుచుకోని యాక్సెస్ డేటాబేస్

రికార్డులను పట్టికలుగా భద్రపరిచే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ ప్రోగ్రాములో తయారైన ఆఫీసు డేటాబేస్ చాలాచోట్ల ఒక్కరి చేతిలోనే పెరుగుతుంది. ఆ ఉద్యోగి వెళ్లిపోయాక పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదని మిగతావారు గ్రహించేసరికి ఏళ్ల నాటి రికార్డులు అందకుండా పోతాయి. మా కార్యాలయంలోనూ ఇదే జరిగి ఆ ఫైల్‌ను తెరిచే బాధ్యత నాకు అప్పగించినప్పుడు, ముందుగా అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా దాని నకలు మీదే పని మొదలుపెట్టాను.

అడ్డుపడుతున్నది ఏమిటో తేల్చుకోవడమే ఇందులో సగం పని. ఫైల్ ఇప్పటికే ఎవరో వాడుతున్నారన్న సందేశం వస్తే అది పాస్‌వర్డ్ సమస్య కాదు. అదే ఫోల్డర్‌లో అదే పేరుతో, ఎల్‌ఏసీసీడీబీ అనే పొడిగింపుతో ఉండి, డేటాబేస్ వాడుకలో ఉందని సూచించే లాక్ ఫైల్, కంప్యూటర్ అర్ధాంతరంగా ఆగిపోయినప్పుడు చెరిగిపోకుండా మిగిలిపోతుంది కాబట్టి, డేటాబేస్ ఎవరి దగ్గరా తెరిచి లేదని రూఢి చేసుకుని దాన్ని తొలగిస్తే సరిపోతుంది. డేటాబేస్ తెరుచుకున్నా మెనూలు, టేబుల్స్ కనిపించకపోతే, తయారుచేసినవారు ఆ వెసులుబాటును మూసివేయనంతవరకు, షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని ఫైల్ తెరవడం ద్వారా ఆ ప్రారంభ ఏర్పాట్లను దాటవచ్చు.

నిజంగా పాస్‌వర్డే అడుగుతున్నప్పుడు ఫైల్ వయసు ముఖ్యమవుతుంది. పేరు చివర ఎమ్‌డీబీ అని ఉండే పాత యాక్సెస్ ఫైళ్లలో డేటాబేస్ పాస్‌వర్డ్ తెరవడాన్ని అడ్డుకునేదే తప్ప, లోపలి సమాచారాన్ని గుప్తీకరించేది, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చేది కాదు. పైగా ఆ పాస్‌వర్డ్‌ను ఫైల్ మొదటి భాగంలోనే బలహీనమైన మరుగుతో దాచేవారు కాబట్టి, దాన్ని చదివి చూపే చిన్న ప్రోగ్రాములకు ఆ పని క్షణాల్లో అయిపోతుంది. పాత ఫైళ్లలోనే యూజర్ పేర్లతో కూడిన మరో రకం భద్రత కూడా ఉండేది. దానికి ఆ యూజర్ల వివరాలు ఉంచే, ఎమ్‌డీడబ్ల్యూ అనే వర్క్‌గ్రూప్ ఫైల్ కావాలి. అది పోతే, తొలిసారి ఇచ్చిన పేరు, సంస్థ, గుర్తింపు సంకేతం అక్షరం తేడా లేకుండా తెలిసినప్పుడే దాన్ని మళ్లీ తయారుచేయగలం. యాక్సెస్ 2007తో వచ్చిన ఏసీసీడీబీ రూపంలో ఈ యూజర్ పేర్ల పద్ధతి లేదు. పాస్‌వర్డ్ పెడితే సమాచారమంతా గుప్తీకరణ అవుతుంది, పాస్‌వర్డ్ మరిచిపోతే తాము తిరిగి ఇవ్వలేమని మైక్రోసాఫ్ట్ సంస్థే చెబుతుంది. పొడవైన పాస్‌వర్డ్‌తో భద్రపరిచిన అలాంటి ఫైల్‌ను కచ్చితంగా తెరిచి ఇస్తామని డబ్బు అడిగేవారిని నేను నమ్మను. ఉద్యోగుల వివరాలున్న ఫైల్‌ను ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్‌కు అప్పగించడం అంతకంటే ప్రమాదం.

అయితే అలాంటి ఫైల్‌కు కూడా ఒక మార్గం ఉండే అవకాశం ఉంది. ఎక్కువమంది వాడే డేటాబేస్‌ను సాధారణంగా రెండుగా విడదీసి, టేబుల్స్‌ను సర్వర్‌లోని బ్యాక్ ఎండ్‌లోను, ఫారాలను, రిపోర్టులను ఒక్కొక్కరి కంప్యూటర్‌లోని ఫ్రంట్ ఎండ్‌లోను ఉంచుతారు. ఫ్రంట్ ఎండ్ ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా బ్యాక్ ఎండ్‌ను తెరవాలి కాబట్టి, లింక్ చేసిన ప్రతి టేబుల్ కనెక్షన్ వాక్యంలో పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే నిలిచి ఉంటుంది. ఫ్రంట్ ఎండ్‌లో నావిగేషన్ ఆప్షన్ల ద్వారా యాక్సెస్ తన సొంత వాడుకకు దాచి ఉంచే సిస్టమ్ ఆబ్జెక్ట్‌లను కనిపించేలా చేసి, ఎమ్‌సిస్‌ఆబ్జెక్ట్స్ టేబుల్‌లోని కనెక్ట్ గడిని చూస్తే, పీడబ్ల్యూడీ అన్న అక్షరాల తర్వాత అది దొరుకుతుంది. మాకు దొరికింది అక్కడే, ఎవరూ వాడక మూలన పడి ఉన్న ఒక పాత కంప్యూటర్‌లోని ఫ్రంట్ ఎండ్‌లో. ఫ్రంట్ ఎండ్ లేని చోట, ఆ డేటాబేస్ నుంచి సమాచారం లాగే ఎక్సెల్ ఫైళ్ల కనెక్షన్ వివరాలను కూడా వెతకాలి.

పాస్‌వర్డ్ తెలిసిన తర్వాత దాన్ని మార్చాలంటే, మిగతావారందరినీ బయటికి రమ్మని, ఓపెన్ ఎక్స్‌క్లూజివ్ పద్ధతిలో ఫైల్ తెరిచి, డిక్రిప్ట్ డేటాబేస్‌తో పాతది తొలగించి, కొత్తది పెట్టాలి. అంతటితో ఊరుకుంటే మర్నాటి ఉదయం ఒక్క ఫారం కూడా పనిచేయదు, ఎందుకంటే లింకుల్లో ఉన్నది ఇంకా పాత పాస్‌వర్డే. ప్రతి ఫ్రంట్ ఎండ్‌లోను టేబుల్స్ లింకులను తొలగించి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపాలి.