ఫల్గు ఒడ్డున అమ్మ వదిలేసిన పనస

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడే అమ్మ అడిగింది, "గయ ఎప్పుడు తీసుకెళ్తావురా?" అని. నాకు హిందీ అంతంతమాత్రం, అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా బయటి తిండి అస్సలు పడదు. అందుకే యాత్రలకు తీసుకెళ్లే వాళ్ల దగ్గర డబ్బు కట్టి, 32 మందిమి కలిసి నవంబర్‌లో సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ప్రయాగ, కాశీ, గయ, బోధ్‌గయ, మళ్లీ కాశీకి వచ్చి సారనాథ్, అక్కడి నుంచి ఇంటికి.

గుంపులో వెళ్తే యాత్ర ఏముంటుంది, గొర్రెల్లా తోలతారు అని నాతో చాలామంది అన్నారు. గుంపు లేకపోతే మా అమ్మ లాంటి వాళ్లు అసలు ఇల్లు కదల్లేరు. మాతో ఇద్దరు వంటవాళ్లు వచ్చారు, బియ్యం, కందిపప్పు, చింతపండు, పచ్చళ్లు అన్నీ ఇక్కడి నుంచే మూటలు కట్టుకుని. సత్రంలో తెల్లవారుజామున మూడింటికి స్టవ్ చప్పుడు వినపడేది, అయిదింటికల్లా ఉప్మా, కాఫీ తయారు. రెండో రోజుకే అందరూ అక్కయ్యలు, బాబాయిలు, పిన్నులు అయిపోయారు. మెట్లు కనపడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి అమ్మ చెయ్యి పట్టుకునేవారు. నేను వెనక్కి తిరిగి చూసుకునే పని కూడా ఉండేది కాదు.

ప్రయాగలో పడవ మీద త్రివేణి సంగమానికి వెళ్లాం. దంపతులు వేణీదానం చేశారు. భర్త భార్యకు తల దువ్వి, జడ వేసి, జడ చివర కొంచెం కత్తిరించి నీళ్లలో వదలాలి. అరవై, డెబ్బై ఏళ్ల మగవాళ్లు, జీవితంలో మొదటిసారి జడ వేస్తున్నట్టున్నారు, పాయలు ఎటు మడవాలో తెలియక తంటాలు పడుతుంటే ఆడవాళ్లంతా నవ్వుకుంటున్నారు. అమ్మ మాత్రం పడవ అంచున కూర్చుని అటువైపు తిరిగి నీళ్లనే చూస్తూ ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

కాశీ గురించి ఇప్పటికే అందరూ రాశారు, నేను ఎక్కువ రాయను. 2021 డిసెంబర్‌లో విశ్వనాథుడి గుడి కారిడార్ ప్రారంభమయ్యాక పాత ఇరుకు సందుల్లో తోసుకుంటూ వెళ్లే బాధ చాలావరకు తగ్గింది, క్యూ మాత్రం క్యూనే. కేదార ఘాట్ వైపు వెళ్తే తెలుగు మాటలు చెవిన పడతాయి, ప్రాణం లేచొస్తుంది.

గయకు అర్ధరాత్రి దాటాక బస్సులో బయల్దేరాం. మాది పిఠాపురం పక్క ఊరు, పాదగయ మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటు. గయాసురుడి శిరస్సు గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో అంటారు కదా. శివుడు కోడి రూపంలో వేళ కాని వేళ కూసి, యజ్ఞం కోసం కదలకుండా పడుకున్న అసురుణ్ణి కదిలేలా చేశాడని, అందుకే మా స్వామి కుక్కుటేశ్వరుడయ్యాడని మా నాన్నమ్మ చెప్పేది. బస్సు దిగగానే అమ్మ అంది, "ఇన్నాళ్లూ పాదాల దగ్గర ఉన్నాంరా, ఇప్పటికి తల దగ్గరికి వచ్చాం."

సీతమ్మ శాపంతో ఫల్గు నది ఇసుక కిందే పారుతుందని అమ్మ విన్నది. ఇసుక తవ్వి నీళ్లు తీసుకోవాలనుకుని ఇంటి నుంచి చిన్న గిన్నె కూడా తెచ్చుకుంది. తీరా చూస్తే ఘాట్ దగ్గర నిండుగా నీళ్లు. 2022లో అక్కడ రబ్బరు డ్యామ్ కట్టారు, అందుకని విష్ణుపాద ఆలయం దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. అమ్మకు కాస్త నిరాశగానే అనిపించింది గానీ, మోకాళ్లతో ఇసుకలో నడవక్కర్లేదని నేను మాత్రం సంతోషించాను.

పిండాలు మూడు చోట్ల పెట్టించారు, ఫల్గు ఒడ్డున, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం అనే మర్రిచెట్టు కింద. ఇప్పుడున్న విష్ణుపాద ఆలయం 1787లో ఇందోర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది, కాశీ విశ్వనాథుడి గుడిని మళ్లీ కట్టించింది కూడా ఆవిడే. నల్లరాతి మీద ఆ పాదం గుర్తు, చుట్టూ వెండి తొట్టి. పిండం పాదం మీద పెట్టినప్పుడు నాన్న పేరు, గోత్రం చెప్పమన్నారు. చెప్పబోతే గొంతు పెగల్లేదు. రెండోసారి చెప్పాను.

మా గుంపులో ఒక పెద్దాయన వాళ్ల అమ్మకు మాతృషోడశి చేశారు. తల్లికి పదహారు పిండాలు, ఒక్కో పిండానికి ఒక్కో శ్లోకం. పురోహితుడు తెలుగు వచ్చినవాడే, అర్థం చెబుతూ చేయించాడు. కడుపులో మోసిన బాధకు ఒకటి, నిద్ర లేని రాత్రులకు ఒకటి, బిడ్డ కోసం మింగిన చేదు కషాయాలకు ఒకటి. నాలుగో అయిదో పిండం దగ్గర ఆ పెద్దాయన, డెబ్బై అయిదేళ్ల మనిషి, చేతిలో పిండం పట్టుకుని అలాగే ఆగిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. పురోహితుడు తొందర పెట్టలేదు. నా పక్కనే మా అమ్మ కూర్చుని అవన్నీ వింటోంది, నేను తన వైపు చూడలేకపోయాను. ఇవన్నీ ఎప్పటికో పనికొచ్చే మంత్రాలని తల్లి బతికుండగా ఎవరూ వినరు. వినాలని నాకు ఆ రోజు గట్టిగా అనిపించింది.

అక్షయవటం కింద ఒక పండు, ఒక కాయ, ఒక ఆకు వదిలేయమంటారు. ఎటూ తినని కాకరకాయో ఇంకోటో చెప్పేసి చేయి దులుపుకునేవాళ్లూ ఉన్నారు. అమ్మ కాసేపు ఆలోచించి పనస అంది. మా ఇంట్లో పనసపొట్టు కూర లేకుండా ఏ శుభకార్యమూ జరగలేదు. ఆవపెట్టి అమ్మ వండితే నాన్న ఇంకేమీ ముట్టుకునేవారు కాదు. "అది ఎందుకమ్మా" అన్నాను. "ఇష్టం లేనిది వదిలితే అది వదిలినట్టా?" అంది.

మధ్యాహ్నం బోధ్‌గయ. గయ నుంచి 12, 13 కిలోమీటర్లు. ఇక్కడే నాకు కోపం వచ్చింది. యాత్ర నడిపేవాళ్లు ఇచ్చింది ఒక్క గంట. మహాబోధి ఆలయం లోపలికి ఫోన్లు రానివ్వరు, కౌంటర్‌లో పెట్టాలి, చెప్పులు విప్పాలి, తనిఖీ క్యూ, అక్కడే అరగంట పోయింది. పైగా పిండాలు పెట్టినరోజు బౌద్ధుల గుడికి వెళ్లకూడదని ఎవరో అంటే అయిదారుగురు బస్సు దిగనే లేదు. వివరంగా చేసే గయ శ్రాద్ధంలో ఆ బోధివృక్షం దగ్గర కూడా పిండం పెడతారు. పొద్దున సంకల్పంలో పురోహితుడు 'బౌద్ధావతారే' అని, అంటే బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగానే చెబుతూ, పలికిన మాట మేమంతా విన్నాం. బోధ్‌గయ పక్కన పారే నిరంజన కిందికి వచ్చి మోహనతో కలిస్తేనే ఫల్గు అవుతుంది. సుజాత పెట్టిన పాయసం తిని సిద్ధార్థుడు కూర్చున్నది ఆ నది ఒడ్డునే, మేం నాన్నకు తర్పణం వదిలిందీ ఆ నీళ్లలోనే. ఈ ముక్క బస్సులో మైకు పట్టుకుని ఒక్కరు చెప్పి ఉంటే అందరూ దిగేవారు.

లోపల తెల్లబట్టల్లో శ్రీలంక యాత్రికులు వరసగా కూర్చుని పాళీలో చదువుతున్నారు. ఒక టిబెట్ భిక్షువు చెక్కపలక మీద సాష్టాంగ నమస్కారాలు చేస్తున్నాడు. అరచేతుల కింద మడిచిన గుడ్డలు, అవి పలక మీద జారి ముందుకు పోతుంటే సర్‌మని చప్పుడు, లేవడం, మళ్లీ జారడం. పలక మధ్యలో రాపిడికి నున్నగా అయి మెరుస్తోంది. అమ్మ ఆయన్ని చూస్తూ చాలాసేపు నిలబడింది, ఆ తర్వాత మన ఊళ్లో రావిచెట్టు చుట్టూ తిరిగినట్టే ప్రదక్షిణలు మొదలుపెట్టింది. అయిదు చుట్లు అయ్యేసరికి మేనేజర్ వచ్చి బస్సు టైమ్ అయిందన్నాడు. పదకొండు తిరుగుతానని అనుకుందట. ఆ ఆరు ఇప్పటికీ బాకీ అంటుంది.

మీరెవరైనా ఇలాంటి యాత్రకు డబ్బు కట్టేముందు, బోధ్‌గయలో ఎన్ని గంటలు, రాత్రి అక్కడ బస ఉందా అని అడగండి. సారనాథ్ ఏ వారం వస్తుందో కూడా అడగండి. మమ్మల్ని శుక్రవారం తీసుకెళ్లారు, మ్యూజియానికి సెలవు. మన రూపాయి మీద ఉన్న నాలుగు సింహాల అసలు శిల్పం లోపల ఉంది, మేం గేటు బయట ఉన్నాం. ధమేక్ స్తూపం మాత్రం తీరిగ్గా చూశాం, 43 మీటర్ల పైన ఎత్తు.

పక్కనే మూలగంధకుటీ విహారం, 1931లో శ్రీలంక బౌద్ధ ప్రచారకుడు అనగారిక ధర్మపాల ఆధ్వర్యంలో కట్టింది. గోడల నిండా జపాన్ చిత్రకారుడు కోసెత్సు నోసు వేసిన బుద్ధుడి జీవితం. మన నాగార్జునకొండ మహాచైత్యంలో దొరికిన ధాతువు, అంటే బుద్ధుడి అస్థి అవశేషం కూడా ఆ విహారంలోనే ఉందని చెబితే అమ్మ నమ్మలేదు. "మన దగ్గరిదా? మరి మనం అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదేంరా?" అంది.

సంక్రాంతి సెలవుల్లో తీసుకెళ్తానన్నాను. సాగర్ దాకా కారులో, అక్కడి నుంచి లాంచీలో. శుక్రవారం కాకుండా చూసుకుని, పొద్దున్నే బయల్దేరి, సాయంత్రం దాకా ఉండేలా.