నైట్ డ్యూటీలో నా ప్రార్థన వేళ

ఉజ్జీవ సభలకు వచ్చే ప్రసంగీకులు దాదాపు అందరూ చెప్పే మాట ఒకటుంది: తెల్లవారుజామున నాలుగింటికి లేచి దేవుని సన్నిధిలో గడపండి. యేసుప్రభువు ఇంకా చీకటుండగానే లేచి ప్రార్థనకు వెళ్ళిన సంగతి మార్కు సువార్త మొదటి అధ్యాయంలోంచి చూపిస్తారు. మంచి మాటే. కానీ నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీలో నాలుగింటికి నా చేతిలో ఉండేది బీపీ మిషన్. ఆ తర్వాత బ్లడ్ శాంపిళ్ళు, ఆరింటి ఇంజెక్షన్లు, కేస్ షీట్లు, హ్యాండోవర్. ఇంటికొచ్చి మోకరిస్తే ఆమెన్ కంటే ముందు నిద్ర వచ్చేస్తుంది.

ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే పట్టిక కూడా పట్టాను. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు 3, ఆదివారం 5 చదివితే సరిపోతుంది. లేవీయకాండానికి వచ్చేసరికి నాకు నైట్లు పడ్డాయి. చదవని అధ్యాయాలు కట్టని ఈఎంఐల్లా పేరుకుపోయి, బైబిల్ తెరవాలంటేనే టెన్షన్ మొదలైంది.

ఈ సంగతి చెబితే మా పాస్టరమ్మగారు ఉపదేశమేమీ చెయ్యలేదు. "నైట్లో నీకు కాస్త కూర్చునే టైమ్ ఎప్పుడు దొరుకుద్దమ్మా?" అని మాత్రం అడిగారు.

"రెండున్నర, మూడు మధ్యలోనండీ. పేషెంట్లు పడుకుంటే."

"అయితే అప్పుడే కూర్చో. 134వ కీర్తన తీసి చూడు."

చూశాను. మూడే వచనాలు. రాత్రిపూట యెహోవా మందిరంలో నిలబడే సేవకులతో మాట్లాడే కీర్తన. సండే స్కూలు నుంచి చర్చిలోనే పెరిగినా, రాత్రి డ్యూటీ వాళ్ళకంటూ ఒక కీర్తన ఉందని ఏ సభలోనూ వినలేదు! 120 నుంచి 134 దాకా ఉన్న పదిహేను యాత్రకీర్తనల్లో అది చివరిది. 132 తప్ప మిగతావన్నీ పొట్టివే. రాత్రికి ఒకటి చాలనుకున్నాను.

నర్సింగ్ స్టేషన్ కుర్చీలో కూర్చుని, పక్కవాళ్ళకి వినపడకుండా పెదవులు కదుపుతూ చదువుతాను. ఊరికే కళ్ళతో చదివితే రెండో వచనానికే కునుకు పడుతుంది. 121వ కీర్తనలో, ఇశ్రాయేలును కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని ఉంటుంది కదా. రాత్రి మూడింటికి, కళ్ళు మండుతుండగా చదివితే ఆ మాట ఇంకోలా తగులుతుంది. మధ్యలో బెల్ మోగితే లేచి వెళ్ళాల్సిందే. మొదట్లో చిరాకొచ్చేది. ఇప్పుడు ఆ బెడ్ దాకా నడిచేటప్పుడే "ప్రభువా, ఈ తాతగారికి ఆయాసం తగ్గించు" అనుకుంటాను. అంతలో బెడ్ వచ్చేస్తుంది, ఆక్సిజన్ చూసుకోవాలి. పేషెంట్ అడగకుండా పైకి మాత్రం ప్రార్థన చెయ్యను. ఆ మంచం మీద ఉన్నవాళ్ళు లేచి వెళ్ళిపోలేరు, ఆ సంగతి మనకు గుర్తుండాలి.

అన్నిటికంటే కష్టమైంది ఒక బాలింత చనిపోయిన తర్వాత. తల్లి లేదు, బిడ్డ ఏడుస్తోంది, బయట వాళ్ళ నాన్న కొత్త ఊలు టోపీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత చాలా రాత్రులు మూడింటికి కూర్చునేదాన్ని, నోట మాట వచ్చేది కాదు. "స్తుతించు సిస్టర్, అన్నీ మేలుకే" అన్నారు ఒకరు. నా వల్ల కాలేదు. పేజీలు తిప్పుతుంటే 88వ కీర్తన దొరికింది. చాలా విలాప కీర్తనలు ఏడ్చి ఏడ్చి చివరికి ఏదో ఒక ఆశ మీద ఆగుతాయి. ఇది అలా కాదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, బైబిల్లోనే ఉంచారు. కోపంగా ఉన్నానని దేవుడికే చెప్పవచ్చన్న ధైర్యం నాకు దాంతోనే వచ్చింది. మన కూటాల్లో ఆపరేషన్ సక్సెస్ అయిన సాక్ష్యాలే వినిపిస్తాయి, మైకు దగ్గరికి ఎవరూ 88వ కీర్తన పట్టుకుని రారు. మళ్ళీ స్తుతి పాట పాడబుద్ధి అయ్యేదాకా ఆ ఒక్కదాన్నే చదువుతూ వచ్చాను.

ఆదివారం డ్యూటీ పడితే ఆరాధన ఫోన్లో చూస్తాను కానీ, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన ఉండే ఆదివారం మాత్రం ఫోనుతో సరిపెట్టుకోను. మా వార్డులో ఒక ముస్లిం సిస్టర్‌తో ఒప్పందం: రంజాన్ నెలలో ఆమె సాయంత్రాలు నేను చూస్తాను, నెల మొదటి ఆదివారం పొద్దున ఆమె నాది చూస్తుంది. ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఇద్దరం ముందే చెప్పి రోస్టర్లో రాయించుకుంటాం.

ఈ నెల నాకు డే షిఫ్ట్. కూర్చునే చోటు, టైమ్ రెండూ మారాయి. బస్సులో 119వ కీర్తన చదువుతున్నాను. 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. ఆలెఫ్, బేత్ అని పైన హెబ్రీ అక్షరాల పేర్లు కూడా ఉంటాయి. ఒక భాగం అయ్యేసరికి మా స్టాప్ వస్తుంది. సీటు దొరకని రోజు నిన్నటి భాగమే గుర్తున్నంత వరకు మనసులో చెప్పుకుంటాను.