చింతపండు కొట్టిన ఆదివారం

నిన్న ఆదివారం మా ఇంట్లో చింతపండు కొట్టాం. గింజలతో పన్నెండు కిలోలు తెస్తే, గింజలూ ఈనెలూ పోగా ఏడు కిలోల చిల్లర తేలింది. రెండుసార్లు సబ్బుతో కడిగినా వేళ్ల సందుల్లోంచి ఆ పులుపు వాసన ఇంకా పోలేదు. పోవాలని నాకూ లేదు.

పంచాంగం లెక్కన ఇది ఇంకా శిశిరమే. వసంతం రావాలంటే ఉగాది రావాలి, అది మార్చి 19న. ఇంటి లెక్క వేరు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని మా అమ్మ అనేది, మా అత్తమ్మా అంటుంది. ఈసారి ఫిబ్రవరి 15న శివరాత్రి. మాది హనుమకొండ కాబట్టి ఆ రోజు వెయ్యి స్తంభాల గుడికి వెళ్లకుండా ఉండలేం. అక్కడి కళ్యాణ మండపాన్ని విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024 శివరాత్రి నాడు తెరిచారు. ఆ ఏడు అత్తమ్మను తీసుకెళ్తే ఆమె ఆ స్తంభాలను చేత్తో తడిమి చూసింది. అప్పటికే రెండు కళ్లలోనూ పొరలు కమ్మి ఉన్నాయి. పోయిన దసరా ముందు ఒక కంటికి, కార్తీకంలో రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించాం. మొన్న శివరాత్రికి తడమలేదు. మెడ వెనక్కి వాల్చి పైకప్పు చెక్కడాల్ని చూస్తూ అలాగే నిలబడిపోయింది. వెనక జనం తోస్తున్నా కదల్లేదు. నేనూ కదిలించలేదు.

ఆ మర్నాటి నుంచే ఇంట్లో ఒక్కొక్కటి మారుతూ వచ్చింది. మందపు చద్దర్లు ఉతికి, డాబా మీద రెండు ఎండలు చూపించి, వేపాకు వేసి పెట్టెలో పెట్టాను. పొద్దున ఏడింటికే వంటింటి కిటికీలోంచి ఎండ వచ్చి పొయ్యి గట్టు మీద పడుతోంది. సంక్రాంతి అప్పుడు ఆ ఎండ కోసమే కుర్చీ జరుపుకుని కూర్చునేవాళ్లం. పక్కింటి మామిడి చెట్టు పూత మా గోడ ఇవతలికి వంగింది, మధ్యలో ఆవగింజంత పిందెలు కనిపిస్తున్నాయి. మా ఆయన రోజూ టీ గ్లాసు పట్టుకుని ఆ కొమ్మ దగ్గరే నిలబడుతున్నాడు.

నీళ్లకు మట్టి రంజన్ కూడా కొన్నాం. పాతది పోయిన వేసవిలో నెర్రె ఇచ్చింది. రోడ్డు పక్కన పేర్చిన వాటిలో ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చూసి ఎంచుకోవాలి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టే. ఇంటికి తెచ్చాక మొదటి రెండు రోజుల నీళ్లు మొక్కలకే పోశాను. మూడో రోజు పొద్దున చూస్తే రంజన్ ఒంటి నిండా సన్నటి చెమ్మ పట్టింది. కింద ఇసుక నల్లబడింది. లోపలి నీళ్లు ఆ సన్న రంధ్రాల్లోంచి బయటికి ఊరి, గాలికి ఆరుతుంటేనే కదా మిగిలిన నీళ్లు చల్లబడేది. మొదటి గ్లాసు తాగితే నీళ్ల కన్నా ముందు మట్టి వాసన గొంతులో దిగింది. ఆ వాసన పది రోజులకు మించి ఉండదు. అందుకే ఈ పది రోజులూ నేను బడి నుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా రంజన్ దగ్గరికే వెళ్తున్నాను.

బడి అంటే, నేను ములుగు వైపు ఒక ఊళ్లో తెలుగు టీచర్‌ని. రోజూ బస్సులో వెళ్లి వస్తాను. ఈ నెలలో ఆ దారిలో కిటికీ పక్క సీటు దొరికితే పండగే. చెట్లన్నీ ఆకు రాల్చి బోసిగా ఉంటే వాటి నడుమ మోదుగులు ఒళ్లంతా నిప్పు పూసినట్టు నిలబడి ఉంటాయి. మోదుగ పూసేటప్పుడు ఆకు ఉండదు కాబట్టి రంగుకు అడ్డమే ఉండదు. పోయిన శుక్రవారం బడి వెనక చెట్టు కింద రాలిన పూలు పిల్లలు నా రుమాల్లో మూట కట్టి ఇచ్చారు. వాటితోనే ఏడో తరగతి వాళ్లకు కింశుకం అన్న మాట చెప్పాను. ‘కిం శుకః’, ఇది చిలుకా ఏమిటి అని అడిగినట్టుంటుంది ఆ పేరు. పువ్వును పక్కకు తిప్పి పట్టుకుంటే వంకర తిరిగిన ఎర్ర ముక్కు అచ్చం చిలుకదే. వెనక బెంచీ పిల్లాడు ఒకడు, మరి చిలక కళ్లేవి టీచర్ అన్నాడు. పూల తొడిమ చూపించాను. ముదురు గోధుమ రంగులో, వేలితో రాస్తే మఖ్మల్ బట్టలా ఉంటుంది.

ఆ మూట తెచ్చి అత్తమ్మ ఒళ్లో విప్పాను. పూలకు వాసన లేదు, కాబట్టి ఇన్నేళ్లుగా నేను తెచ్చినా ఆమె చేత్తో తాకి పక్కన పెట్టేసేది. ఈసారి ఒక్కొక్క పువ్వునూ వెలుతురుకు ఎత్తి చూసింది. “గింత ఎర్రగ ఉంటదని మర్చేపోయిన బిడ్డా. నా కండ్లకు అన్నీ చాయ నీళ్ల తీరుగనే ఉండె” అంది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో హోలీకి మోదుగ పూలు కుండలో ఉడికించి, ఆ పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే కాషాయం తిరిగేదట. ఈ హోలీకి మా పాపకు ఆ నీళ్లే. బజారు రంగు డబ్బాలు ఈసారి కొనొద్దని పాపే చెప్పింది. పూలన్నీ ఇప్పుడు చాటలో ఆరుతున్నాయి.

ఇక చింతపండు సంగతి. పోయినేడు అత్తమ్మకు కళ్లు కనబడవు, నాకు పరీక్షల పని, సరే అని కొట్టి శుభ్రం చేసిన చింతపండే ఒక దుకాణంలో కొన్నాం. పైన ఎర్రగా ఉన్న ముద్ద, లోపల నల్లటి పాత పండు. పులుసు పిసికిన ప్రతిసారీ గిన్నె అడుగున ఇసుక తేలేది. ఏడాదంతా వడగట్టుకుంటూ వండాను. పులుసు పోసేటప్పుడల్లా మనసు చివుక్కుమనేది. చింతపండు కూరలో కనబడదు కానీ మా ఇంట్లో అది పడని రోజు లేదు. ఏడాది పొడవునా నోట్లో పెట్టుకునేదాన్ని ఒక్క ఆదివారం కూర్చుని మన చేత్తో చేసుకోలేమా అనిపించింది. అందుకే ఈసారి మాఘం పోకముందే ఒక రైతు దగ్గర కొత్త పండు తెప్పించాను.

రెండు రోజులు డాబా మీద చాపలో ఎండబెట్టాం. ఎండ తక్కువైతే చేతికి జిగురు, ఎక్కువైతే పండు పెళుసై గింజతో పాటు ముక్కలవుతుంది. వేలితో నొక్కి చూసి, ఇక చాలు అని చెప్పింది అత్తమ్మే. బండ మీద పండు నిలువుగా పెట్టి చిన్న రోకలితో ఒక్క దెబ్బ వేస్తే నడుం దగ్గర చీలుతుంది. చీలిక దగ్గర బొటనవేలు పెట్టి తోస్తే గింజ దాని తెల్లటి పల్చని పొరతో సహా జారి బయటికి వస్తుంది. ఆ గుంట నిగనిగలాడుతూ ఉంటుంది. తర్వాత మొదలు దగ్గర ఈనె కొసను గోటితో పట్టుకుని లాగాలి. బాగా పండిన పండైతే మూడు నాలుగు ఈనెలూ ఒక్క ఊపులో, కుట్టు విప్పినట్టు, కొస దాకా వచ్చేస్తాయి. ఆ రావడంలో ఉన్న సుఖం ఎంత చెప్పినా తక్కువే. నేను కొట్టాను, అత్తమ్మ గింజ తీసింది, పాప ఈనెలు లాగింది. మా ఆయన టీ పెట్టి తెచ్చాడు, కాసేపు రోకలి కూడా అందుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే ఒంటిగంట దాటింది. మధ్యలో కోయిల కూసింది, ఈ ఏడు మా ఇంటి దగ్గర అదే మొదటిసారి. నలుగురమూ చేతులు ఆపి విన్నాం.

అత్తమ్మ ఒక రెబ్బను వెలుతురులో పట్టుకుని, అంచు దగ్గర తేనె రంగులో వెలుగుతుంటే నాకు చూపించింది. కొత్త పండుకు ఆ రంగు ఉండేది కొన్నాళ్లే, నిల్వ ఉండేకొద్దీ నల్లబడుతుంది. రంగు కాస్త ఎక్కువ కాలం ఆగుతుందని జాడీలో వరసకో గుప్పెడు దొడ్డుప్పు చల్లి, గుప్పిటతో అదిమి, మూతికి తెల్లబట్ట కట్టాం. రెండు కిలోలు మా ఆడబిడ్డకు విడిగా తీశాం.

మధ్యాహ్నం వంటలో మరో మాట లేదు. కొత్త కందిపప్పు ముద్దగా, కొత్త చింతపండుతో పచ్చి పులుసు. పచ్చిమిరపకాయలు నిప్పు మీద కాల్చి, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పుతో కలిపి చేత్తో నలిపి, పల్చటి చింతపండు రసం పోసి, వేయించిన నువ్వుల పొడి, కాస్త బెల్లం. పైన జీలకర్ర, ఎండుమిర్చి తాలింపు. కొత్త పండు పులుపు నాలుక అంచుల్ని తాకి వెంటనే తీపి వైపు తిరుగుతుంది. పాత పండులో ఆ తిరుగుడు ఉండదు. వేడి అన్నంలో పప్పు, నెయ్యి కలుపుకుని పక్కన గిన్నెలో పులుసు పోసుకుంటే పాప మూడోసారి అన్నం పెట్టించుకుంది.

ఇక మిర్చి తెచ్చుకోవాలి. ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు దిగే రోజులివి, అటువైపు వెళ్తే ఘాటుకు ముక్కు మూసుకోవాల్సిందే. ఆవకాయకు రంగు కోసం చపాటా, కారానికి వేరే రకం. పైవారం తెచ్చి తొడిమలు తీయాలి. నెల గడిస్తే ఒంటిపూట బడులు కూడా వస్తాయి.

సాయంత్రం పాప గింజలన్నీ కడిగి ఆరబోసింది. వరండా గచ్చు మీద సుద్దముక్కతో ఏడేసి గళ్లు రెండు వరసలు గీసి, వామనగుంటలకు నానమ్మను పిలిచింది. గళ్లకు ఐదేసి గింజలు పంచారు. పోయినేడు వరకూ అత్తమ్మ గింజల్ని వేళ్లతో తడుముకునేది, ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో పాపే లెక్కపెట్టి చెప్పేది. ఆ అలవాటుతోనే నిన్నా పాప ముందుకు వంగి “నానమ్మా, ఇందులో ఆరు, దాంట్లో...” అని మొదలుపెట్టింది.

అత్తమ్మ పాప చేతిని పక్కకు జరిపింది. “నాకు కనబడుతున్నయ్ బిడ్డా, నీ ఆట నువ్వు చూసుకో” అని, ఆరు గింజలూ తీసుకుని ఒక్కొక్కటే పంచుకుంటూ పోయింది.