పెన్న ఒడ్డున గులక తోడేసిన గుంత: ఒకే ఎకరంలో ఎన్ని నేలలో

ఏటి ఒడ్డున ఇసుక, గులక తోడేసి వదిలేసిన గుంతను మళ్లీ సాగులోకి తెచ్చేటప్పుడు, పొలమంతటికీ కలిపి ఒకే మట్టి నమూనా పరీక్షకు పంపుతుంటారు. మామూలు పొలానికి అది సరైన పద్ధతే. ఇలాంటి గుంతలో నేల పదడుగులకే మారిపోతుంది. కలిపి పంపితే, ఆ గుంతలో ఎక్కడా లేని మట్టికి ఎరువుల మోతాదు రాసిస్తారు.

కృష్ణా గోదావరులు దక్కను బసాల్టు (నల్లరాతి) నేలల మీదుగా వచ్చి నల్లని బంకమట్టిని మోసుకొస్తాయి. పెన్న దారి వేరు. గ్రానైటు నేలల మీదుగా, గండికోట దగ్గర క్వార్ట్‌జైటు కొండల మధ్యగా వస్తుంది కాబట్టి గరుకు ఇసుక, గుండ్రటి పలుగురాళ్లు ఎక్కువ. తవ్వని ఒడ్డును కోసి చూస్తే సాధారణంగా పైన ఒండ్రు, దాని కింద ఇసుక, అడుగున గులక. తవ్వకం ఈ వరసను చెడగొడుతుంది.

గుంత అడుగున మిగిలేది గులక. 2 మిల్లీమీటర్లు దాటిన రాయి నీటిని దాదాపు పట్టుకోదు. మీటరు లోతుకు 150 మిల్లీమీటర్ల నీరు ఇవ్వగల గరప నేలలో సగం రాళ్లుంటే మిగిలేది 75. పక్కన కుప్పపోసిన పైమట్టిలో అన్నీ కలగలిసి ఉంటాయి. లారీలు తిరిగిన దారి చూడ్డానికి మంచి మట్టిలాగే ఉన్నా, నేల అణిగి గట్టిపడడంతో వేరు దిగదు. గులక కడిగిన నీళ్లు వదిలిన మడుగులో నీళ్లు పడేచోట ఇసుక, దూరపు అంచున మెత్తటి బంక చేరతాయి.

అందుకే ఒక్కో రకం చోట 3 అడుగుల గొయ్యి తవ్వి చూడాలి. బూడిదరంగు మట్టిలో తుప్పు మచ్చలుంటే ఏడాదిలో కొంతకాలం అక్కడ నీరు నిలుస్తోందని అర్థం. తర్వాత మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, గాజుసీసాలో మూడోవంతు పోసి, నీళ్లు, చెంచా డిటర్జెంటు పొడి వేసి 5 నిమిషాలు గట్టిగా కుదపండి. నిమిషంలో దిగింది ఇసుక, 2 గంటల్లో దాని మీద చేరింది ఒండ్రు, మర్నాటికి కూడా నీళ్లను మబ్బుగా ఉంచేది బంక. నీళ్లు తేరాక పొరల మందం కొలిస్తే పాళ్లు తెలుస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది పొరల మధ్య గీత. గులక మీద నేరుగా అర అడుగు చెరువు మట్టి పరిచి వదిలేసిన పొలాలు అందుకే దెబ్బతింటాయి. సన్నమట్టి పూర్తిగా నానేదాకా నీరు కింది గులకలోకి దిగదు, వానాకాలంలో వేరు కుళ్లుతుంది. ఎండలు ముదిరాక కింది తడి గులక దాటి పైకి రాదు, మొక్క వాడిపోతుంది. ముందు గుంత అడుగును సబ్‌సాయిలర్‌తో (నేలను లోతుగా చీల్చే ట్రాక్టరు పనిముట్టుతో) 45–60 సెంటీమీటర్లు అడ్డంగా, నిలువుగా చీల్చాలి. సగం మట్టి పోసి గులకతో కలియదున్ని, మిగతాది ఆ పైన పరవాలి. మొత్తం మట్టి లోతు 2 అడుగులైనా లేకపోతే చెట్ల పంటల ఆలోచన మానుకోవడం మేలు.

చీల్చే పని ఎండిన నేలలోనే చేయాలి. తడిలో పెడితే కర్రు గోడలను నున్నగా మెత్తుతుందే తప్ప నేల పగలదు. నెల్లూరు వైపు పెద్దవానలు అక్టోబరు–డిసెంబరులో కాబట్టి మే, జూన్ అనువైన నెలలు. తొలి వానకు ఎకరాకు 12–15 కిలోల జీలుగ (పచ్చిరొట్ట పైరు) విత్తనం చల్లి, పూత మొదలవగానే కలియదున్నండి. యూరియా ఒకేసారి వేస్తే గులకలోంచి జారిపోతుంది, నాలుగైదు దఫాలుగా వేయాలి.

వరద వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పెన్న ఉపనది చెయ్యేరు దిగువ పొలాల మీద ఇసుక మేట వేసింది. జానెడు లోపు మేటను లోతు దుక్కితో కింది మట్టిలో కలపొచ్చు, అంతకు మించితే ఎత్తిపోయడమే.

గులక కడిగిన నీళ్ల మడుగు జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. పైన పగుళ్లిచ్చి గట్టిగా కనిపించే పెంకు కింద బురద ఏళ్ల తరబడి జారుడుగానే ఉంటుంది. పొడవాటి ఇనుప చువ్వను అంచు నుంచి గుచ్చి చూడండి. చేతి బలానికే సర్రున దిగిందంటే ట్రాక్టరునూ, పశువులనూ అటు పోనివ్వకుండా కంచె వేయాలి.