డబ్బాలు వెతికే నడకల్లో దొరికే స్నేహాలు: పిల్లలున్న పాలీ తెలుగువాళ్ళకు

పరాయి దేశంలో తెలుగువాళ్ళ కలయికలు దాదాపుగా జంటల లెక్కతోనే నడుస్తాయి. "మీవారు రాలేదా?" అన్నదే పలకరింపు. అందరికీ తెలిసి, అందరి ఒప్పుకోలుతో ఒకరికంటే ఎక్కువమందితో ప్రేమబంధంలో ఉన్నవాళ్ళు, అంటే పాలీఅమరస్ కుటుంబాలు, ఆ ప్రశ్నకు సగం జవాబే చెప్పి ఊరుకోవాల్సి వస్తుంది. ఇక్కడ అన్న మాట వారం తిరక్కుండా ఊళ్ళో నానమ్మ చెవిన పడుతుందని భయం. పోనీ పాలీ బృందాల దగ్గరికి వెళ్దామంటే, ఆ కలయికలు చాలావరకు పొద్దుపోయాక, పెద్దవాళ్ళకు మాత్రమే. పిల్లలున్నవాళ్ళు రెండుచోట్లా బయటే మిగిలిపోతారు. ఆ ఖాళీ పూడ్చడానికి జియోకేషింగ్, అంటే ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆట, చాలా బాగా పనికొస్తుంది.

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. మే 3న డేవ్ ఉల్మర్ ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆట అలా మొదలైంది. డబ్బా వెతకాలి, లోపలి కాగితం మీద పేరు రాయాలి, ఉన్నచోటే మళ్ళీ దాచి రావాలి. అంతే.

స్నేహానికి ఇది ఎందుకు కుదురుతుందంటే, ఇక్కడ మనుషులు ఎదురెదురుగా కూర్చోరు, పక్కపక్కన నడుస్తారు. మాట ఆగిపోయినా ఎవరికీ ఇబ్బందిగా ఉండదు, వెతికే పని ఉంది కదా. పిల్లలకూ పని ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకు పది నిమిషాలు నిలకడగా మాట్లాడుకునే వీలు దొరుకుతుంది.

కొత్తవాళ్ళు ఈవెంట్లతో, అంటే ఆటగాళ్ళు ఒకచోట కలుసుకునే కలయికలతో, మొదలుపెట్టడం మేలు. ఈ ఆట ప్రధాన సైట్ (geocaching.com) నియమాల ప్రకారం ఈవెంట్ కనీసం అరగంట సాగాలి, ఆటగాళ్ళెవరైనా రావచ్చు. చెత్త ఏరే ఈవెంట్లను సైటో అంటారు, అవి కనీసం గంట సాగుతాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఇవే మంచివి. చేతికి పని ఉంటే సొంత విషయాల ఆరా తగ్గుతుంది. ఒక్కసారికే ఎవరూ దగ్గరవరు. ఒకే నిర్వాహకుల ఈవెంట్లకు మూడు నాలుగుసార్లు వెళ్తే ముఖాలు గుర్తుండిపోతాయి. ఇది జత వెతుక్కునే చోటు కాదని మాత్రం గట్టిగా పట్టుకోవాలి. పిల్లల ముందు, అడవి దారిలో, వెళ్ళిపోదామన్నా వెంటనే వీలుకాని చోట అలాంటి ప్రస్తావన తేవడం తప్పు.

ఈవెంట్లో పాలీ వాళ్ళను ఎలా గుర్తుపట్టాలి? అనంత గుర్తు కలిసిన హృదయం బొమ్మ ఈ బంధాలకు వాడుకలో ఉన్న చిహ్నం. బ్యాగుకు చిన్న బ్యాడ్జీగానో, డబ్బాలో పేర్లు రాసే లాగ్ కాగితం మీద వేసే రబ్బరు స్టాంపుగానో పెట్టుకుంటే తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, తెలియనివాళ్ళకు అదొక బొమ్మ. ఆ స్టాంపు ఒక సెంటీమీటరు దాటకూడదు, చిన్న డబ్బాల్లో కాగితం వెడల్పే అంతంతమాత్రం. పాలీ కలయిక కోసమంటూ సైట్లో కేష్ (దాచిన డబ్బా) పేజీ పెడితే మాత్రం ఒప్పుకోరు, సామాజిక ప్రచారానికి పేజీలు వాడకూడదన్న నియమం ఉంది. అందుకే తిరగేసి చేయడం సుళువు. ఇప్పటికే ఉన్న పాలీ బృందంలో, పగటిపూట, పిల్లలతో సహా డబ్బాల నడక పెడదామని అడగండి. "మాకూ పిల్లలున్నారు" అనే గొంతులు అప్పుడు బయటికొస్తాయి.

ఆ నడకకు పిల్లలతో కలిపి ఎనిమిది పదిమంది చాలు. ఎక్కువైతే నేల తొక్కుడు పడుతుంది, దాచిన చోటు దారినపోయేవాళ్ళకు తెలిసిపోతుంది. ఆరేళ్ళలోపు పిల్లలుంటే ఒకటిన్నర కిలోమీటరు, మూడు డబ్బాలు. సైట్లో ప్రతి డబ్బాకు వెతకడంలోని కష్టానికి, నడిచే నేలకు వేరువేరుగా 1 నుంచి 5 దాకా రేటింగు ఉంటుంది, రెండూ 2 దాటనివి ఎంచుకోండి. పరిమాణంలో 'రెగ్యులర్' అని ఉన్నది ఒక్కటైనా ఉండాలి. 'మైక్రో' అనే బుల్లి డబ్బాలో కాగితం తప్ప ఏమీ పట్టదు, బొమ్మ దొరుకుతుందనుకున్న పిల్లవాడు అక్కడే ఏడుస్తాడు. డబ్బా పేజీలో చివరి లాగ్‌లు (వెతికినవాళ్ళ రాతలు) రెండూ "దొరకలేదు" అని ఉంటే ఆ డబ్బా వదిలేయండి. పటం ముందే ఫోన్‌లోకి దింపుకోండి. చెట్ల కింద జీపీఎస్ పది మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తప్పుతుంది, కాబట్టి దగ్గరికి రాగానే ఫోన్ జేబులో పెట్టి కళ్ళతో వెతకాలి. పేర్చినట్టున్న పుల్లలు, చుట్టుపక్కలవాటితో కలవని రాయి పెద్దవాళ్ళకంటే పిల్లలకే ముందు కనిపిస్తాయి. చెయ్యి పెట్టేముందు టార్చి వేసి చూడాలి. సంచిలో ఒక పెన్సిలు (తడి కాగితం మీద పెన్ను రాయదు), చుట్టిన కాగితం లాగడానికి ట్వీజర్లు, మార్చుకోవడానికి అరడజను చిన్న బొమ్మలు ఉంటే చాలు. మూత అంచున ఇసుక రేణువున్నా మూత సరిగా బిగుసుకోదు, తర్వాతి వానకు కాగితం ముద్దవుతుంది. అందుకే మూసేముందు అంచు తుడిచే పని ఒక పిల్లకు అప్పగించండి.

తెలుగు పిల్లలకు ఇందులో ఇంకో ఆట ఉంది. సైట్లో సూచనలు రాట్13 అనే అక్షరాల మార్పిడిలో దాస్తారు, అది రోమన్ లిపికే పనిచేస్తుంది. తెలుగుకు మన వర్గాలే చాలు: క వర్గం చ లోకి, చ ట లోకి, ట త లోకి, త ప లోకి, ప తిరిగి క లోకి. 'చెట్టు' అలా 'టెత్తు' అవుతుంది, 'రాయి కింద' 'రాయి చింబ' అవుతుంది. య, ర, ల, వ మారవు కాబట్టి 'వేరు' లాంటి మాట దాగదు, దానికి వేరే మాట వెతుక్కోవాలి. మీ నడకకు మీరే దాచుకునే చీటీల్లో ఇది వాడితే వర్ణమాల వరస బట్టీ పట్టకుండానే వచ్చేస్తుంది.

జాగ్రత్తగా చూసుకోవాల్సింది లాగ్‌ల సంగతి. పేరు, తేదీ, చోటు అందరికీ కనిపిస్తాయి. ముగ్గురు పెద్దవాళ్ళు ప్రతి ఆదివారం ఒకే డబ్బాల దగ్గర లాగ్ చేస్తుంటే వరస పోల్చుకోవడం ఎవరికైనా తేలికే. ఎవరి ఖాతా వారిది, అసలు పేరు లేకుండా పెట్టుకోండి. ఫోటోల్లోంచి చోటు వివరాలు తీసేయండి, వేరేవాళ్ళ పిల్లల ముఖాలు వాళ్ళను అడగనిదే పెట్టకండి. ఇంటి పక్కన డబ్బా దాచకండి. కాగితం మీద సంతకం ముఖ్యం, ఆన్‌లైన్ లాగ్ తర్వాతైనా రాయొచ్చు, మానేసినా తప్పు లేదు.

పిల్లల విషయంలో అన్నిటికంటే బరువైనది "అమ్మమ్మకు చెప్పకు" అనడం. వీడియో కాల్‌లో ఐదేళ్ళ బిడ్డ ఆ మాట మోయలేదు, తడబడుతుంది, తప్పు చేసినట్టు ముడుచుకుపోతుంది. అబద్ధం నేర్పకుండా, చెప్పుకోదగ్గ నిజం చేతిలో పెట్టండి: "పార్కుకెళ్ళాం, చెట్టు తొర్రలో డబ్బా దొరికింది, అందులో నా పేరు తెలుగులో రాశా." మిగతాది అడిగితే "అమ్మనడుగు అమ్మమ్మా" అనేస్తే చాలు, జవాబు చెప్పే బాధ్యత పెద్దవాళ్ళది. బిడ్డ నోరు జారితే కోప్పడకండి. అలా జారే రోజు వస్తుందనే లెక్కతోనే అమ్మమ్మకు ఏం చెప్పాలో పెద్దవాళ్ళు ముందే మాట్లాడుకుని ఉండాలి.

పిలుపులూ అంతే. నాన్న భాగస్వామిని 'పిన్ని' అంటే ఊళ్ళో వినేవాళ్ళకు రెండో పెళ్ళి వినిపిస్తుంది. 'అత్త' అంటే నాన్నకు అక్కచెల్లెలి వరస అవుతుంది, ఇంకా ఇరకాటం. మొదట్లో పేరు పక్కన 'గారు' చేర్చి పిలిపించండి. ఆ మనిషి ఇంట్లో ఎంతకాలం నిలబడతారో చూసుకుని, వరస పెట్టాలో వద్దో పిల్లలే తేల్చుకుంటారు. కొన్ని ఇళ్ళలో డబ్బాల ఆటలోని మారుపేరే పిలుపుగా స్థిరపడిపోతుంది, అదీ బాగానే ఉంటుంది.