పోయిన ఫోటోల లెక్క: డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్‌లతో ఎనిమిది వారాలు

నాలుగేళ్లుగా నేను వాడుతున్నది ఒక ఎంట్రీ లెవల్ (కొత్తవాళ్ల కోసం చేసిన రకం) డీఎస్ఎల్ఆర్, అంటే లోపలి అద్దం ద్వారా బొమ్మని కంటికి చూపే కెమెరా. రెండు నెలల క్రితం దానికి తోడుగా ఒక ఎంట్రీ లెవల్ మిర్రర్‌లెస్, అంటే ఆ అద్దం లేని కెమెరా, వచ్చింది. రెండూ ఉంచుకోవాలా, ఒకటి వదిలేయాలా అని తేల్చుకోవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బాగా వచ్చిన ఫోటోలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదని ముందే అనిపించింది. అందుకని పోయిన ఫోటోలను లెక్కపెట్టాను. చెడిపోయిన ప్రతి ఫోటోకి నోట్‌బుక్‌లో ఒక్క మాట రాశాను: ఫోకస్, కదలిక, ఎక్స్‌పోజర్ (వెలుతురు ఎక్కువో తక్కువో కావడం), లేదా "అందలేదు". అందలేదు అంటే నేను బటన్ నొక్కేలోపే సందర్భం దాటిపోయిందని.

రెండూ ఏపీఎస్‌సీ అనే సైజు సెన్సర్ (వెలుతురుని బొమ్మగా మార్చే చిప్పు) ఉన్నవే, ఒకే కంపెనీవి. కాబట్టి పాత 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు అడాప్టర్‌తో (లెన్సుకీ కెమెరాకీ మధ్య బిగించే గొట్టం) కొత్తదానికీ పనికొచ్చింది. నా కెమెరాల పేర్లు రాయడం లేదు. నా చేతిలో ఉన్న ఒక్క పీసు గుణాన్ని ఆ మోడల్ మొత్తానికి అంటగట్టడం న్యాయం కాదు. అంకెలు అవసరమైనచోట అందరికీ తెలిసిన మోడళ్లవి ఇస్తాను.

మొదటి వారం

ఫోటో నాణ్యత సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. ఒకే ట్రైపాడ్, ఒకే లెన్సు, ఒకే అపెర్చర్ (లెన్సు రంధ్రం ఎంత తెరవాలో చెప్పేది, ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) పెట్టి ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, 1600, 6400 దగ్గర రా ఫైళ్లు, అంటే కెమెరా మెరుగులు దిద్దని ఫైళ్లు, తీశాను. ఫైల్ పేర్లు దాచేసి చూస్తే ఏది దేనిదో చెప్పలేకపోయాను. సెన్సర్ సైజు ఒకటే అయినప్పుడు, తరం కూడా దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, అద్దం ఉండటం లేకపోవడం వల్ల బొమ్మ మారదు.

బరువు దగ్గర మాత్రం నేను అనుకున్నది తప్పయింది. మిర్రర్‌లెస్ అంటే తేలిక అని అందరూ అంటారు. నికాన్ డీ3500 బ్యాటరీ, కార్డుతో కలిపి 415 గ్రాములు. అదే కంపెనీ మిర్రర్‌లెస్ జడ్50 అయితే 450. అంటే బాడీ బరువులో డీఎస్ఎల్ఆరే తేలిక. క్యానన్‌లో ఇది తిరగబడుతుంది: 200డీ మార్క్ 2 449 గ్రాములు, ఆర్50 375. నికాన్ జోడీలో తేలికదనం వచ్చేది కెమెరాతోపాటు ఇచ్చే కిట్ లెన్సు వల్ల. డీఎస్ఎల్ఆర్ 18-55 లెన్సు 205 గ్రాములైతే మిర్రర్‌లెస్ 16-50 లెన్సు 135. ముడుచుకునే లెన్సు కాబట్టి సంచిలో పట్టే చోటు కూడా తగ్గుతుంది. కాబట్టి తేలిక కోసమే మారాలనుకునేవాళ్లు బాడీ ఒక్కదాన్నే కాకుండా, రోజూ వాడే లెన్సుతో కలిపి తూచుకోవాలి.

రెండో వారం

ఈ వారమంతా వ్యూఫైండర్‌తోనే, అంటే కన్ను ఆనించి చూసే కిటికీతోనే, గడిచింది.

డీఎస్ఎల్ఆర్‌లో లెన్సులోంచి వచ్చిన వెలుతురు అద్దం మీద పడి పైకి మళ్లుతుంది. అక్కడ ఇంకొన్ని అద్దాలను తాకి కంటికి చేరుతుంది. ఖరీదైన మోడళ్లలో ఆ పైభాగంలో గాజు ప్రిజం ఉంటుంది. ఎంట్రీ లెవల్‌లో బరువు, ఖర్చు తగ్గడానికి దాని బదులు అద్దాలతో చేసిన బోలు గూడు పెడతారు, దాన్నే పెంటామిర్రర్ అంటారు. అందుకే బొమ్మ చిన్నగా, కాస్త మసకగా ఉంటుంది. పైగా అడ్డంగా, నిలువుగా 95 శాతమే కనిపిస్తుంది. నాలుగేళ్లుగా నా ఫోటోల అంచుల్లో తీగలు, స్తంభాలు, ఎవరివో మోచేతులు ఎందుకు దూరుతున్నాయో ఇప్పుడు పక్కాగా అర్థమైంది. నేను చూడని ఆ కొద్దిపాటి చోటులోనే అవన్నీ ఉండేవి.

అయినా ఆ వ్యూఫైండర్ అంటే నాకు ప్రేమ. అందులో కనిపించేది అసలు వెలుతురు. మధ్యలో స్క్రీన్ లేదు, ఆలస్యం లేదు. కెమెరా ఆపేసి ఉన్నా కన్ను పెట్టి ఫ్రేము వెతుక్కోవచ్చు. తెల్లవారుజామున మేడ మీద కాకుల కోసం అరగంట కన్ను ఆనించి కూర్చున్నా కన్ను అలవలేదు.

మిర్రర్‌లెస్‌లో కంటి ముందు ఉండేది ఒక చిన్న స్క్రీన్. జడ్50లోనూ ఆర్50లోనూ అది 23.6 లక్షల చుక్కలది. పగటిపూట బాగుంటుంది. చీకటి పడితే గింజలు గింజలుగా మారి, కెమెరా తిప్పినప్పుడు బొమ్మ కొంచెం వెనకబడుతుంది. కానీ ఫ్రేము నూటికి నూరు శాతం కనిపిస్తుంది. ఆ వారం తీసిన ఫోటోల్లో ఒక్కదానికీ అంచులు కత్తిరించాల్సిన పని పడలేదు.

సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు మాత్రం జాగ్రత్త. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు, లెన్సు ఆ వెలుతురంతా కంటిలోకే పంపుతుంది. మిర్రర్‌లెస్‌లో కంటికి ఆ ప్రమాదం లేదు, కానీ సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు సూర్యుడి వైపు పెట్టి ఉంచకూడదు.

మూడు, నాలుగు వారాలు

డీఎస్ఎల్ఆర్ పేజీలో ఎక్కువసార్లు కనిపించిన మాట "ఫోకస్". అందుకే రెండు వారాలు దీనికే ఇచ్చాను.

తీసింది మా తమ్ముడి కూతుర్ని, ఉయ్యాల దగ్గర, 35 ఎంఎం లెన్సు ఎఫ్ 1.8లో పెట్టి. మీటరు దూరంలో ఆ అపెర్చర్‌కి షార్ప్‌గా ఉండే లోతు దాదాపు ఆరు సెంటీమీటర్లు. అంటే కంటికి ముందు మూడు, వెనక మూడు. నా డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ పాయింట్లు పదకొండే, అవన్నీ ఫ్రేము మధ్యలో గుంపుగా ఉంటాయి. వాటిలో క్రాస్ టైపు, అంటే అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండిటినీ పట్టేది, నడిమిది ఒక్కటే. అందుకని నడిమి పాయింటుతో కంటి మీద ఫోకస్ లాక్ చేసి, కెమెరా పక్కకి తిప్పి ఫ్రేము సరిచేసుకోవడం అలవాటైంది.

ఆ అలవాటులోనే తప్పు ఉంది. కెమెరాని 15 డిగ్రీలు తిప్పితే, ఫోకస్ తలం కూడా దానితోపాటు తిరుగుతుంది. మీటరు దూరంలో ఉన్న కన్ను ఆ తలానికి సుమారు మూడున్నర సెంటీమీటర్లు ముందుకి వచ్చేస్తుంది. మనకున్న వెసులుబాటు మూడే. అంటే కెమెరా, లెన్సు రెండూ తమ పని సరిగ్గా చేసినా కన్ను మెత్తబడి, చెవి షార్ప్‌గా వస్తుంది. కాగితం మీద ఈ లెక్క వేసుకున్న రోజు నాకు చాలా తేలిగ్గా అనిపించింది. చేతులు వణుకుతున్నాయేమో అని ఇన్నాళ్లూ టెన్షన్ పడ్డాను.

రెండో కారణం ఇంకొంచెం లోపలిది. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసేది సెన్సర్ కాదు. పెద్ద అద్దం వెనక ఒక చిన్న అద్దం ఉండి, కొంత వెలుతురుని కెమెరా అడుగున ఉన్న ఫోకస్ మాడ్యూల్‌కి పంపుతుంది. సెన్సర్‌కి ఉన్న దూరం, మాడ్యూల్‌కి ఉన్న దూరం సరిసమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రతి ఫోటోలో ఫోకస్ ఒకే వైపుకి, ముందుకో వెనక్కో, జరుగుతుంది. ఖరీదైన బాడీల్లో దీన్ని మెనూలోంచి సరిచేసుకునే వీలుంటుంది. ఎంట్రీ లెవల్‌లో సాధారణంగా ఉండదు.

నేను చేసిన పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. మూడు పెన్సిల్ సెల్ బ్యాటరీలను టేబుల్ మీద ఏటవాలుగా, ఒకదానికొకటి మూడేసి సెంటీమీటర్లు వెనకగా నిలబెట్టాను. కెమెరా ట్రైపాడ్ మీద, లెన్సు ఎఫ్ 1.8లో. నడిమి బ్యాటరీ మీద వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసి పది ఫోటోలు తీశాను. ప్రతిసారీ ముందు ఫోకస్ రింగు ఇన్ఫినిటీకి తిప్పి మళ్లీ ఫోకస్ చేయించాను. తర్వాత లైవ్ వ్యూలో, అంటే అద్దం పైకెత్తి సెన్సర్‌తోనే ఫోకస్ చేయించి, ఇంకో పది. లైవ్ వ్యూలో పదికి పదీ సరిగ్గా వచ్చాయి. వ్యూఫైండర్ వాటిలో చాలావరకు నడిమి బ్యాటరీకి కాస్త ముందుకి పడ్డాయి. రెండూ ఒకేలా తప్పి ఉంటే లెన్సునో నన్నో అనుమానించాలి. ఒకటి సరిగ్గా వచ్చి ఇంకొకటి తప్పితే అది మాడ్యూల్ సంగతి. సర్వీస్ సెంటర్‌లో బాడీ, లెన్సు రెండూ ఇస్తే సరిచేస్తారు. లేదంటే ఎఫ్ 2.8కి మూసుకుంటే లోతు పెరిగి ఆ తేడా దాదాపు కనిపించకుండా పోతుంది. నేను అదే చేశాను.

మిర్రర్‌లెస్‌లో సెన్సరే ఫోకస్ చూస్తుంది, కాబట్టి ఈ తేడాకి అసలు తావే లేదు. కంటిని గుర్తుపట్టే ఆటోఫోకస్ ఆన్ చేసి, అదే లెన్సు అడాప్టర్‌తో పెట్టి, అదే ఎఫ్ 1.8లో పాప ఉయ్యాల ఊగుతుంటే తీశాను. కన్ను ఫ్రేము మూలన ఉన్నా స్క్రీన్ మీద ఫోకస్ చూపించే చిన్న డబ్బా దాన్ని వదల్లేదు. డీఎస్ఎల్ఆర్‌తో మూడు ఫోటోలకి ఒకటి ఫోకస్ తప్పే చోట ఇక్కడ పదికి ఒకటి తప్పింది. అదీ జుట్టు కంటి మీద పడినప్పుడు. ఇద్దరు పిల్లలు ఫ్రేములో ఉంటే మాత్రం అది ఎవరి కన్ను పట్టుకుందో చూసుకోవాలి.

ఐదో వారం

కిటికీ ముందు నిలబడ్డ మనిషి, వెనక ఎండ. డీఎస్ఎల్ఆర్‌తో తీయడం, వెనక స్క్రీన్ చూడటం, కాంపెన్సేషన్ (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో సర్దే అంకె) మార్చడం, మళ్లీ తీయడం. మొదటి ఫోటో దాదాపు ప్రతిసారీ పోయింది. మిర్రర్‌లెస్‌లో డయల్ తిప్పుతుంటే ముఖం వెలగడం కంటి ముందే కనిపిస్తుంది.

అయినా అక్కడా రెండుసార్లు దెబ్బతిన్నాను. ఎండలో ఆ చిన్న స్క్రీన్ మసకగా అనిపించి ఎక్స్‌పోజర్ పెంచేశాను, ఆకాశం తెల్లగా మాడిపోయింది. అప్పటి నుంచి వ్యూఫైండర్‌లో హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి, కుడి వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) పెట్టుకుని, అది కుడి గోడకి తగలకుండా చూసుకుంటున్నాను. ఇంకో మాట: ఫ్లాష్ పెట్టి మాన్యువల్‌లో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ప్రివ్యూ (ఫోటో ఎంత వెలుగ్గా వస్తుందో ముందే చూపేది) ఆపేయాలి, లేకపోతే వ్యూఫైండర్ చీకటిగా కనిపిస్తుంది.

ఆరో వారం

మిర్రర్‌లెస్ పేజీలో "అందలేదు" అన్న మాట పెరుగుతూ పోయింది.

కెమెరా నిద్రపోయి ఉంటుంది. కంటికి ఎత్తుకుంటే నల్లగా ఉంటుంది. అది లేచేలోపు కాకి ఎగిరిపోతుంది. డీఎస్ఎల్ఆర్‌తో నాలుగేళ్లలో నాకు ఈ బాధ తెలియదు. ఇప్పుడు కెమెరా పైకి ఎత్తుతూనే షట్టర్ బటన్ సగం నొక్కుతున్నాను. కంటి దగ్గరికి వచ్చేసరికి సిద్ధంగా ఉంటోంది. పక్షుల కోసం కూర్చున్నప్పుడు ఆటో పవర్ ఆఫ్‌ని ఐదు నిమిషాలకి పెంచుతున్నాను. అప్పుడు రెండో బ్యాటరీ తప్పనిసరి.

బ్యాటరీ లెక్క చూద్దాం. సీపా (జపాన్ కెమెరా కంపెనీల సంఘం) ప్రమాణం ప్రకారం డీ3500 ఒక్క చార్జికి 1550 ఫోటోలు, జడ్50 సుమారు 300. చూస్తే భయం వేస్తుంది. కానీ నా మిర్రర్‌లెస్‌తో ఒక పొద్దున బర్స్ట్‌లో, అంటే వరుసగా గబగబా, తీస్తే ఒక్క బ్యాటరీతో 500 దాటాయి. ఇంకో రోజు నెమ్మదిగా చూస్తూ, ఆలోచిస్తూ తీస్తే 200 లోపే అయిపోయింది. డీఎస్ఎల్ఆర్‌లో చూడటానికి కరెంటు దాదాపు అక్కర్లేదు, తీసినప్పుడే ఖర్చు. మిర్రర్‌లెస్‌లో చూస్తున్నంతసేపూ సెన్సర్, స్క్రీన్ రెండూ పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి దాని బ్యాటరీని ఎన్ని ఫోటోలు అని కాకుండా ఎన్ని గంటలు అని లెక్కవేసుకోవాలి. మెడలో వేలాడుతుంటే, కన్ను దగ్గరికి వచ్చిందా అని చూసే చిన్న సెన్సర్ మన చొక్కానే కన్ను అనుకుని వ్యూఫైండర్ వెలిగిస్తుంది. నడిచేటప్పుడు స్విచ్ ఆపేయడం, బ్లూటూత్ ఆపేయడం, ఈ రెండిటితోనే నాకు బాగా కలిసొచ్చింది.

ఎలక్ట్రానిక్ షట్టర్ (తెర కదలకుండా సెన్సర్‌తోనే ఫోటో తీసే పద్ధతి) చప్పుడు చేయదు కదా అని నిద్రపోతున్న పాపని ఎల్ఈడీ లైటు కింద తీశాను. ఫోటో నిండా అడ్డంగా చారలు. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని వరుసవరుసగా చదువుతుంది కాబట్టి ఆ మిణుకంతా చారలుగా పడుతుంది. షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెడితే చారలు తగ్గాయి. తిరిగే ఫ్యాన్ రెక్కలు వంకరపోయేదీ ఈ వరుసగా చదవడం వల్లే, దానికి మాత్రం మెకానికల్ షట్టరే, అంటే కదిలే తెరే, మందు.

ఏడో వారం

దుమ్ము. లెన్సు మార్చేటప్పుడు డీఎస్ఎల్ఆర్ సెన్సర్ ముందు అద్దం, షట్టర్ తెర అడ్డంగా ఉంటాయి. చాలా ఎంట్రీ లెవల్ మిర్రర్‌లెస్‌లలో సెన్సర్ ఎదురుగానే కనిపిస్తుంది, చాలా దగ్గరగా కూడా. నికాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఎఫ్ మౌంట్‌లో మౌంట్ (లెన్సు బిగించే చోటు) నుంచి సెన్సర్‌కి 46.5 మిల్లీమీటర్లు, మిర్రర్‌లెస్‌ల జడ్ మౌంట్‌లో 16. క్యానన్‌లో ఇవే 44, 20. ఆ మిగిలిన జాగాలోనే అడాప్టర్ ఇముడుతుంది. అది ప్రధానంగా లోపల గాజు లేని బోలు గొట్టం, కరెంటు కాంటాక్టులు. అదే కారణం వల్ల మిర్రర్‌లెస్ లెన్సు డీఎస్ఎల్ఆర్‌కి రాదు, దారి ఒకవైపే. ఇంకో మెలిక: నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సులకి మోటారు బాడీలో ఉండాలి. అది అడాప్టర్‌లో లేదు, కాబట్టి వాటితో ఫోకస్ చేత్తో చేసుకోవాలి.

ఎఫ్ 16లో తెల్లగోడను కాస్త అవుటాఫ్ ఫోకస్‌గా తీస్తే మూడు మచ్చలు కనిపించాయి. కెమెరా మౌంట్ కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదితే రెండు పోయాయి. నోటితో ఊదకూడదు, తుంపర పడితే దుమ్ము కంటే మొండి. గాలి డబ్బా స్ప్రే అసలే వద్దు.

ఎనిమిదో వారం

రెండు పేజీలు ఎదురెదురుగా పెట్టుకుని చూశాను. డీఎస్ఎల్ఆర్‌లో పోయినవి ఎక్కువగా ఫోకస్ వల్ల, తర్వాత ఎక్స్‌పోజర్ వల్ల. మిర్రర్‌లెస్‌లో పోయినవి ఎక్కువగా "అందలేదు", దాన్ని అలవాటుతో సగానికి తగ్గించగలిగాను. నేను తీసేది మనుషుల్ని, అదీ కదిలే పిల్లల్ని. కాబట్టి ఇకమీదట మిర్రర్‌లెస్‌తోనే తీస్తాను. కొండలు, చెట్లు, ఇళ్లు తీసేవాళ్లకి ఈ లెక్క వేరేలా తేలుతుంది. వాళ్లకి డీఎస్ఎల్ఆర్‌లో పోయేది చాలా తక్కువ. కాకపోతే డీ3500 వచ్చింది 2018లో, దాని తయారీ ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు షట్టర్ కౌంట్ (ఇప్పటివరకు షట్టర్ ఎన్నిసార్లు పడిందో) చూసుకుని, పైన చెప్పిన మూడు బ్యాటరీల పరీక్ష, తెల్లగోడ పరీక్ష రెండూ అక్కడే చేయించుకోవాలి.

నా డీఎస్ఎల్ఆర్‌ని, 35 ఎంఎంతో సహా, ఫోటోలు నేర్చుకుంటున్న మా అక్క కొడుక్కి ఇచ్చాను. ఎఫ్ 2.8 కంటే తెరవొద్దని, నడిమి పాయింటుతో ఫోకస్ చేసి కెమెరా తిప్పే బదులు కొంచెం వెడల్పుగా తీసి తర్వాత కత్తిరించుకోమని, రా ఫైళ్లే తీయమని చెప్పాను. నిన్న నలభై ఫోటోలు పంపాడు. ఆరింటిలో ఫోకస్ తప్పింది. ఎలా తీశావని అడిగితే, వాటిలో నాలుగింటికి నడిమి పాయింటుతో లాక్ చేసి కెమెరా పక్కకి తిప్పానన్నాడు.