ప్రాసెస్ సర్వర్ ఉద్యోగం, రెండో ప్రయత్నం

కోర్టు సమన్లు, నోటీసులు ఇళ్లకి తీసుకెళ్లి అందించే ఉద్యోగమే ప్రాసెస్ సర్వర్. దాని సెలెక్షన్ లిస్టులో నా హాల్ టికెట్ నంబరు మూడుసార్లు చూసుకుని, నమ్మకం కుదరక మా తమ్ముడి చేత కూడా చదివించాను. ఉంది! మార్కులు ఎన్ని, ఏ పుస్తకాలు అని చాలామంది అడుగుతున్నారు. అవి తర్వాత. ముందు పోయిన ప్రయత్నం గురించి చెప్తాను, మీకు పనికొచ్చేది అదే.

2022 నోటిఫికేషన్‌లో జూనియర్ అసిస్టెంట్‌తో పాటు దీనికీ అప్లై చేశాను. డిగ్రీ చదివినవాణ్ణి, పదో తరగతి పోస్టుకి పుస్తకం తియ్యడమేంటని పొగరు. పరీక్షలో జీకే చకచకా అయిపోయింది. మెంటల్ ఎబిలిటీలో ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చునే లెక్క వచ్చింది. బల్ల గీశాను, కొట్టేశాను, మళ్లీ గీశాను. ఆరో మనిషి ఎడమ పక్కన ఎవరో తేలదు. వదిలేసి ముందుకెళ్లొచ్చు కదా! నాకు రాకపోవడమేంటని పంతం. తలెత్తి చూస్తే ఆరు నిమిషాలే ఉన్నాయి, ముట్టుకోని ప్రశ్నలు పదిహేడు. అన్నిటికీ రెండో ఆప్షన్ నొక్కుకుంటూ పోయాను. "టెన్త్ పోస్టు కూడా రాలేదా" అని చుట్టాలు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు.

మా వీధిలో ఒక ప్రాసెస్ సర్వర్ ఉన్నారు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు. బాబాయ్ అని పిలుస్తాను. ఒకరోజు ఆయన బండి స్టార్ట్ కాకపోతే నా బండి మీద తీసుకెళ్లాను. ప్రోనోటు (అప్పు పత్రం) దావాలో ప్రతివాదికి సమన్లు, అంటే కోర్టుకి రమ్మని పిలుపు. ఆ ఇంటి గుమ్మంలో మగవాళ్ల చెప్పులున్నాయి, లోపల దగ్గు వినిపిస్తోంది, గుమ్మంలోకి వచ్చిన ఆవిడేమో మా ఆయన ఊళ్లో లేరంటోంది. బాబాయ్ గొంతు పెంచలేదు. "మీరు తీసుకుని సంతకం పెట్టినా చాలమ్మా" అన్నారు. ఆవిడ తలుపేసుకుంది. బాబాయ్ సంచిలోంచి చిన్న డబ్బా తీశారు, ఇంట్లో ఉడకబెట్టిన మైదా. కాపీ తలుపుకి అంటించి నాలుగు మూలలూ అరచేత్తో అదిమారు. ఇల్లు చూపించిన పక్కింటి పెద్దాయన పేరు, ఎవరి ఎదుట అంటించిందీ, టైము 11-20, అంతా బండి సీటు మీద కాగితం పెట్టి అక్కడే రాశారు. "ఇంటికెళ్లి రాస్తే ఏదో ఒకటి మర్చిపోతాం. రేపు జడ్జి గారు ప్రమాణం చేయించి అడిగితే నాకున్నది ఈ నాలుగు ముక్కలేరా" అన్నారు.

ఇంటికొచ్చి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్)లో సమన్ల గురించి ఉండే ఆర్డర్ 5 చదివాను. ఆయన చేసిందంతా రూల్ 17లో ఉంది. రూల్ 15 ఇంకా సరదా: ఇంట్లో కలిసి ఉండే పెద్దవాళ్లు ఆడైనా మగైనా తీసుకోవచ్చు, పనిమనిషికి ఇస్తే మాత్రం చెల్లదు. మీరు ఇవి చదవక్కర్లేదు, సిలబస్‌లో లేవు, ఒక్క మార్కూ రాదు. నాకు మాత్రం ఆ రోజుతో పొగరు దిగింది.

2025లో మేలో నోటిఫికేషన్, ఆగస్టులో పరీక్ష. పదో తరగతి వరకు సోషల్ పుస్తకాలు, ఇంగ్లీషుకి పాత పేపర్లు, రోజూ టైమర్ పెట్టుకుని 30 రీజనింగ్ ప్రశ్నలు. నిమిషం దాటిందా, ఎంత ఊరించినా వదిలెయ్యడమే. అంతే, రహస్యమేం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. ఫోన్ అమ్మ చేతికి ఇచ్చెయ్యండి. రీల్స్ చూస్తూ నోటిఫికేషన్ రాలేదని ఏడ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మూడేళ్ల కిందట నేనూ అదే బాపతు లెండి.

"డిగ్రీ చదివి నోటీసులు పంచుతావా" అన్నాడు మా మావయ్య. పంచుతాను. సమన్లు సరిగ్గా అందకపోతే ఎంత పెద్ద లాయరున్నా దావా కదలదు. అందకుండానే అందాయని రాస్తే, పాపం ఎవరికో తెలియకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ (ఆ మనిషి కోర్టుకి రాకుండానే ఇచ్చే తీర్పు) వచ్చేస్తుంది, ఇంటి మీదికి జప్తు వచ్చేదాకా తెలియదు. ఇది చిన్న పనా? మావయ్యకి ఇంకా గట్టిగా చెప్పాల్సింది, అమ్మ సైగ చేసిందని ఆగాను.

రిజల్ట్ చూడగానే బాబాయ్‌కి ఫోన్ చేశాను. కంగ్రాట్స్ అంటారనుకున్నాను. "బండికి రెండు టైర్లూ మార్పించు. మైదా డబ్బా నేనిస్తాలే" అన్నారు.